సగం అడిగిన ప్రశ్న

ఆయన అసలు పేరు చాలామందికి గుర్తులేదు. పిల్లలూ, పిల్లల తల్లిదండ్రులూ, చివరికి పోస్టు పంచేవాడు కూడా విజిల్ మాస్టారనే పిలిచేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బడిలో పిల్లల చేత కసరత్తులు చేయించడం, పరుగులు పెట్టించడం ఆయన పని. పందెంలో విజిల్ మోగకముందే ఎవడి మడమ కదిలినా, వాడు ఎంతటివాడి కొడుకైనా, చెయ్యి పట్టుకుని పక్కకు లాగి నిలబెట్టేవారు. ఒకసారి సొంత మేనకోడల్నే అలా లాగేశారు. తల్లి పోయాక ఆయన ఇంట్లోనే పెరుగుతున్న పిల్ల. గెలవాల్సిన పందెం. చాలా రోజులు ఆ పిల్ల ఆయనతో మాట్లాడలేదు, ఏం కావాలన్నా అత్తనే అడిగేది. ఈ సంగతి మాస్టారు కనిపించినవాళ్ళందరికీ చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఆయన ఛాతీ కాస్త ముందుకు వచ్చేది.

అలాంటి మాస్టారికి, ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, కాలేయంలో గడ్డ ఉందని తేలింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్నీ ఆయన భార్యనీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. కోత లేదట. షాక్ వేవ్‌లతో కొట్టే కొత్త యంత్రం ఒకటి వచ్చిందట. ఆ మాట వినగానే మాస్టారి భార్య కుర్చీలో ముందుకు జరిగి, కరెంటు పెడతారా అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి, కరెంటు కాదమ్మా, శబ్దం అంది. పొట్ట మీద నీళ్ళ సంచి లాంటిది ఆనించి, దాని గుండా చెవికి వినపడని శబ్ద తరంగాల్ని లోపలికి పంపుతారు. అవన్నీ ఒక్క చోట కలిసేలా గురిపెడతారు. దారిలో చర్మానికీ కండకీ పెద్దగా ఏమీ కాదు. కలిసిన చోట మాత్రం కంటికి ఆనని బుడగలు పుట్టి పేలతాయి. ఆ దెబ్బలకి గడ్డ అంతా లోపలే నుజ్జయిపోతుంది. ఆ నుజ్జుని మెల్లమెల్లగా ఒళ్ళే పీల్చేసుకుంటుంది.

"శబ్దంతోనే పోయేట్టయితే, ఈయన ఈ పాటికి ఊళ్ళో అందరి గడ్డలూ కరిగించేసి ఉండాలి," అంది మాస్టారి భార్య. డాక్టరమ్మకి విజిల్ సంగతి తెలియదు కాబట్టి అర్థం కాలేదు. మాస్టారికి మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఒక్కటి మాత్రం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గడ్డ చిన్నగా ఉండగానే కొట్టాలి. పెరిగినా, పక్కన కొత్తవి పుట్టినా, ఈ యంత్రం ఒక్కటే చాలదు. యంత్రమా ఒకటే ఉంది. కాబట్టి వంతు వచ్చేదాకా ఆగాలి.

ఆ వంతులు చూసేది మాస్టారి మేనకోడలే, ఆనాటి పందెం పిల్ల; ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటూ ఈ ఆసుపత్రిలోనే ఉద్యోగం చేస్తోంది. ఎవరి తర్వాత ఎవరన్నది డాక్టరమ్మ చెబుతుంది. వాళ్ళని పిలిచేదీ, రోజులు సర్దేదీ, ఎవరికైనా జ్వరమో దగ్గో వస్తే ముందుకీ వెనక్కీ జరిపేదీ ఈ అమ్మాయి. మాస్టారు మొదటి రోజే వంతులు రాసే కిటికీ వైపు చెయ్యి చూపించి, ఆ అమ్మాయి నా మేనకోడలు అని పక్క కుర్చీలో ఉన్నాయనకి గొప్పగా చెప్పుకున్నారు.

పక్క కుర్చీలో ఉన్నాయన పెయింటరు. దుకాణాల తలుపుల మీదా, గోడల మీదా అక్షరాలు రాస్తాడు. మాస్టారి కంటే బాగా చిన్నవాడు, ఇంకా కూతురి చదువు పూర్తికాలేదు. ఆయనకీ అదే జబ్బు. ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉండేవి. ఒకరు లేస్తే వరుసంతా ఊగేది. పెయింటరు కూర్చోగానే మాస్టారు ఊగారు, అలా మొదలైంది మాట. ఎదురుగా గోడ మీదున్న బోర్డు చూపించి, "ఆ రాసినవాడెవడోగాని మాస్టారూ, అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి పడిపోతున్నాయి. వాటికే ముందు వైద్యం చేయించాలి," అన్నాడు. ఆ తర్వాత పరీక్షలకి వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకరికోసం ఒకరు కుర్చీ పట్టి ఉంచుకునేవారు. మాస్టారు పందెం కథ చెప్పారు. పెయింటరు మెచ్చుకుంటూ తలూపాడు.

వంతుల్లో పెయింటరు ముందు, మాస్టారు ఆ తర్వాత.

"ముందు నేను వెళ్ళి చూసొస్తాగా," అనేవాడు పెయింటరు. "మరీ బాధగా ఉంటే చెబుతా, మీరు పారిపోదురుగాని."

ఇంతలో యంత్రం చెడింది. తరంగాల్ని వదిలే భాగం మార్చాలన్నారు, అదేమో ఎక్కడినుంచో రావాలన్నారు. అందరి వంతులూ అక్కడే ఆగిపోయాయి. లోపల గడ్డ పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఆ రోజులు ఎలా గడుస్తాయో చెప్పనక్కర్లేదు. మాస్టారు స్నానానికి వెళ్ళినప్పుడల్లా పక్కటెముకల కింద వేళ్ళతో నొక్కి చూసుకునేవారు. చేతికి ఏమీ తగలదని తెలుసు, అయినా నొక్కేవారు. ఆయన భయస్తుడు కాదని అందరూ అనుకునేవారు, ఆయనా అనుకునేవారు.

ఒక సాయంత్రం మేనకోడలు ఆసుపత్రి నుంచి నేరుగా వాళ్ళింటికి వచ్చింది. గుమ్మంలో ఉండగానే చెప్పింది.

"యంత్రం బాగైంది మావయ్యా. గురువారం పొద్దున మొదటిది మీదే."

మాస్టారి భార్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుపోయింది. మాస్టారికి మొదట ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. ఆ వెంటనే గుర్తొచ్చింది.

"ముందు పెయింటర్ గారిది కదమ్మా?"

"ఆయన రక్తం మళ్ళీ పరీక్ష చేయించాలి. తర్వాతి వారానికి సర్దాను."

"డాక్టరమ్మ చెప్పిందా?"

ఆ అమ్మాయి వంగి చెప్పు పట్టీ విప్పుకుంటోంది. వంగింది వంగినట్టే ఉండి, "బుధవారం రాత్రి నుంచి ఏమీ తినకూడదు మావయ్యా. అత్తయ్యా, నువ్వు గుర్తుపెట్టుకో," అంది.

అడిగినదానికి అది జవాబు కాదు. జన్మంతా పిల్లల మడమలు చూస్తూ బతికిన మనిషికి ఆ మాత్రం తెలియకపోదు. ఇంకొక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. మాస్టారు నోరు తెరిచారు కూడా. పక్కన బల్ల మీద గ్లాసుతో మంచినీళ్ళున్నాయి. ఆ గ్లాసు తీసుకుని నీళ్ళు తాగారు. తాగి, గ్లాసు కింద పెట్టి, సరేనమ్మా అన్నారు.

మర్నాడు మత్తు డాక్టరు ఒకసారి చూడాలంటే ఆసుపత్రికి వెళ్ళారు. పెయింటరు అక్కడే ఉన్నాడు, భార్యతో. ముఖం వేలాడిపోయి ఉంది. మాస్టారిని చూడగానే పక్క కుర్చీ మీదున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రక్తంలో ఏదో తేడా వచ్చిందట మాస్టారూ, ఏమిటో సరిగ్గా చెప్పలేదు, అన్నాడు. తిండి సరిగ్గా తినడం లేదని భార్య ఆయన్ని కోప్పడుతోంది. ఆవిడ మాస్టారి వైపు తిరిగి, మీరైనా చెప్పండన్నట్టు చూసింది.

అప్పుడైనా మాస్టారు ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. "ఏముంది, ఒక్క వారమేగా," అన్నారు. అంతటితో ఆగలేదు. "ఆ పెయింట్ల వాసన రక్తానికి మంచిది కాదంటారు. కొన్నాళ్ళు పని తగ్గించండి." ఎక్కడా విన్న మాట కాదది. నాలుక చివర ఎలా పుట్టిందో ఆయనకే తెలియదు. పెయింటరు ఎంతో బుద్ధిగా తలూపాడు. పెయింటరు భార్య, "చూశారా, నేను చెబితే వినరు," అంది.

గురువారం అనుకున్నట్టే జరిగింది. చల్లటి గది, పైన గుండ్రటి దీపం, పొట్ట మీద గోరువెచ్చటి నీళ్ళ సంచి. ముక్కుకి మత్తిచ్చే మూత పెట్టారు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఒంటి మీద గాటు లేదు. పక్కటెముకల కింద ఎవరో గట్టిగా గుద్దినట్టు కాస్త సలుపు, అంతే. కొద్ది రోజులకి మళ్ళీ తీసిన ఫొటోలో డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. గడ్డ ఉన్న చోట నల్లటి గుంట. మాస్టారి భార్య డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. ఎంత అదృష్టవంతులండీ అని నర్సులు అంటుంటే మాస్టారు కండువా అంచు మడత పెడుతూ కూర్చున్నారు.

అంతకుముందే, ఆయన ఇంకా వార్డులో ఉండగానే, పెయింటరు చూడ్డానికి వచ్చాడు. చేతి గోళ్ళలో ఎప్పుడూ ఉండే రంగు లేదు, శుభ్రంగా ఉన్నాయి. చిన్నపిల్లాడిలా ఒకటే ప్రశ్నలు. మనకేమైనా వినపడుతుందా? లేచాక వాంతులవుతాయా? మాస్టారు ముక్తసరిగా జవాబులు చెప్పారు. పెయింటరు తలగడ సర్ది, "పోనీలెండి, నేను చూసొస్తానన్నాను, మీరే చూసొచ్చారు. నాకు ధైర్యం వచ్చింది," అని వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. భార్య పలకరిస్తే నిద్రపోతున్నట్టు నటించారు.

తర్వాతి వారం పెయింటరు వంతు రాలేదు. యంత్రం మళ్ళీ మొరాయించింది. ఈసారి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. బాగయ్యాక, కొట్టే ముందు గురి చూసుకోవడానికి ఫొటో తీస్తే, పాత గడ్డ పెరిగింది, పక్కన కొత్త మచ్చలు కనిపించాయి. ఇప్పుడు యంత్రం ఒక్కటే చాలదంది డాక్టరమ్మ. ముందు మందులెక్కించాలి, అవి పనిచేస్తే అప్పుడు చూద్దామంది.

ఈ సంగతి మాస్టారికి చెప్పింది పెయింటరు భార్యే, ఆసుపత్రి మెట్ల దగ్గర. ఆవిడ ఏడవలేదు. మందుల వల్ల జుట్టు ఊడుతుందా, మీకేమైనా తెలుసా అని మాత్రం అడిగింది.

మాస్టారు ఆ కాళ్ళతోనే డాక్టరమ్మ గదికి వెళ్ళారు. పెయింటర్ గారికి మొదట అనుకున్న రోజే చేసి ఉంటే ఇలా అయ్యేది కాదా అని అడిగారు. స్నేహం కొద్దీ అడుగుతున్నారనుకుంది ఆవిడ. చెప్పలేమండీ, ఆ మచ్చలు అప్పటికే లోపల ఉండి మనకి కనపడకపోయి ఉండొచ్చు, లేకపోనూవచ్చు, ఎవరూ చెప్పలేరు అంది.

గదిలోంచి బయటికి వస్తుంటే మాస్టారికి ఒళ్ళు తేలికైంది. అప్పటికే ఉండొచ్చట. ఆ మాటే పట్టుకుని చకచకా మెట్లు దిగారు. సగం మెట్లు దిగాక కాళ్ళు ఆగిపోయాయి. ఒక మనిషి ఒంట్లో ముందునుంచే చావు ఉండి ఉండాలని తను కోరుకుంటున్నాడు. అలా ఉంటేనే తనకి హాయి. అదీ ఇప్పుడు తను ఉన్న చోటు. పక్కనుంచి మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఆయన మెట్ల కమ్మీ పట్టుకుని తల వంచుకుని నిలబడిపోయారు. ఎవరో ముసలాయనకి కళ్ళు తిరిగాయనుకుని, ఒకావిడ చెయ్యి పట్టుకుని దింపింది.

మేనకోడల్ని భోజనం వేళ ఆసుపత్రి వెనక బల్లల దగ్గర పట్టుకున్నారు. చుట్టూ జనం ఉన్నారు, గొంతు పెంచడానికి లేదు.

"పెయింటర్ గారి రక్తంలో తేడా ఉందా అమ్మా, లేదా?"

ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టేసింది. "లేదు మావయ్యా."

"ఎంత పని చేశావు."

"నాకు తెలియదనుకున్నారా?" అంది. కళ్ళెత్తి సూటిగా చూసింది. "మీరు పోతే నాకెవరూ లేరు. అదొక్కటే తోచింది. ఇప్పుడు ఆయన కిటికీ దగ్గరకి వచ్చిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టవుతోంది. కానీ ఒక మాట చెప్పనా మావయ్యా? ఆ రోజు మీరు డాక్టరమ్మ చెప్పిందా అనడిగారు. చెప్పు విప్పుకునే వంకతో వంగే ఉన్నాను. మళ్ళీ అడుగుతారని భయమేసింది. అడిగితే బాగుండునని కూడా అనిపించింది. అడిగి ఉంటే అప్పుడే ఫోన్ చేసి మార్చేసేదాన్ని. మీరు సగం అడిగి మంచినీళ్ళు తాగారు."

కోప్పడదామని వచ్చిన మాస్టారు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మూత పెట్టిన డబ్బాని ఆ అమ్మాయి వైపు జరిపారు. చివరికి, ముందు అన్నం తినమని మాత్రం అన్నారు.

చెప్పకుండా ఉండడానికి ఆయనకి కారణాలు దొరక్కపోలేదు. చెబితే మేనకోడలి ఉద్యోగం పోతుంది. చెబితే పెయింటరుకి ఒరిగేదేమీ లేదు, ఉన్న దిగులుకి తోడు మంట. ఇవన్నీ నిజాలే. కానీ ఏ కారణం పట్టుకున్నా దాని కింద తన ముఖమే కనపడింది. ఒక ఆదివారం ఉదయం పెయింటరుని వెతుక్కుంటూ బయల్దేరారు. మేనకోడలి ఊసు రానివ్వకూడదని, తప్పంతా తన నెత్తినే వేసుకోవాలని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళారు.

మూసి ఉన్న మందుల దుకాణం తలుపు మీద పెయింటరు అక్షరాలు రాస్తున్నాడు. ఎత్తు పీట మీద నిలబడ్డాడు. మందుల మొదటి విడత అయింది, చొక్కా భుజాల మీంచి జారుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. భార్య పీట పట్టుకుని నిలబడింది. ఇద్దరూ మాస్టారిని చూసి సంతోషించారు.

ఆ సంతోషం చూస్తూ ఎక్కువసేపు ఉంటే చెప్పలేనని మాస్టారికి అర్థమైంది. నిలబడ్డ చోటునుంచే చెప్పేశారు.

"ఆ గురువారం వంతు మీదండీ. మీ రక్తంలో ఏ తేడా లేదు. వరుస మార్చమని నేనే అడిగాను."

పెయింటరు కుంచె అక్షరం మధ్యలో ఉంది. అక్కడ ఆపితే గీత చెడుతుంది. చివరిదాకా లాగి, కుంచెని డబ్బా అంచుకి తుడిచి, ముక్కు గుడ్డ కిందికి దించాడు.

"ఎవర్ని అడిగారు?"

మాస్టారు తలుపు మీది తడి అక్షరాలకేసి చూపు తిప్పుకున్నారు.

"ఆ అమ్మాయి మీ మేనకోడలని నాకు తెలుసు. మొదటి రోజే చెప్పారుగా," అన్నాడు పెయింటరు. గొంతులో కోపం లేదు, బాగా అలసట ఉంది. "నా కూతురైనా అదే చేసి ఉండేదేమో. ఆ అమ్మాయిని నేనేమీ అనను. మీరు ముందు వెళ్ళినందుకూ తిట్టలేను, చావంటే నాకూ భయమే. ఒక్కటి చెప్పండి. వారమేగా అన్నారు, పెయింట్ వాసన తగ్గించమన్నారు. ఆ మాట అంటున్నప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను నమ్మాను మాస్టారూ. చేతులారా నా రక్తం నేనే పాడుచేసుకున్నాననుకున్నాను. కొన్నాళ్ళు పని మానేశాను. ఇంట్లో ఈవిడకి ముఖం చూపించలేకపోయాను, నా వల్లే ఇంత ఆలస్యమైందని. ఇదిగో, ఇప్పటికీ ఈ గుడ్డ." మెడలో వేలాడుతున్న గుడ్డని చూసుకున్నాడు. "పందెం కథ చెప్పారే నాకు. ఆ కథ ఎంతమందికి చెప్పానో తెలుసా, ఇలాంటి మనిషి నాకు స్నేహితుడని."

మాస్టారు క్షమించమని అడగడానికే వచ్చారు. ఆ మాట గొంతుదాకా వచ్చి, అక్కడ మరీ చవగ్గా అనిపించి ఆగిపోయింది. పెయింటరు భార్య ఆయన వైపు చూడటం లేదు, పీట కాలు గట్టిగా పట్టుకుని నేల చూస్తోంది.

"ఇక వెళ్ళండి," అన్నాడు పెయింటరు. "పని ఉంది."

మాస్టారు ఇంటికి వచ్చి భార్యకి అంతా చెప్పారు. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతోంది, చేతులు ఆగాయి. "నాకూ అనుమానం వచ్చింది. నేనూ అడగలేదు," అంది.

మేనకోడలు ఎవరూ అడక్కుండానే డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళి జరిగింది చెప్పేసింది. ఉద్యోగం ఊడలేదుగాని, కిటికీ దగ్గరనుంచి తీసేసి, పాత ఫొటోలు భద్రపరిచే కింది గదిలో వేశారు. డాక్టరమ్మ పెయింటరునీ భార్యనీ పిలిచి ఆసుపత్రి తరఫున క్షమాపణ చెప్పిందట. ఇప్పుడు వంతు మార్చాలంటే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. మాస్టారిని ఎవరూ ఏమీ అనలేదు. పాత విద్యార్థులు దారిలో ఆగి, భలే గట్టివారండీ మాస్టారూ, జబ్బునే ఓడించారు అంటుంటే, ఆయన మాట మార్చి పక్క సందులోకి తిరిగేవారు. పందెం కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

పెయింటరుకి మందులు కొంత పనిచేశాయి. మచ్చల్లో ఒకటి మాయమైంది, మిగిలినవి కుంచించుకున్నాయి. వాటిని ఇప్పుడు యంత్రంతో కొట్టొచ్చంది డాక్టరమ్మ. ఆ రోజు ఎప్పుడో మాస్టారికి ఎవరూ చెప్పలేదు. తన పరీక్షకి వెళ్ళినప్పుడు నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నారు.

ఆ ఉదయం వెళ్ళి యంత్రం గది బయట, గోడ వారగా నిలబడ్డారు. పెయింటరుని చక్రాల మంచం మీద తీసుకొచ్చారు. జుట్టు లేదు. మాస్టారిని చూశాడు. చూసి, కళ్ళు పైకప్పుకేసి తిప్పుకున్నాడు. తలుపు మూసుకుంది.

పెయింటరు భార్య కుర్చీల వరుస చివర కూర్చుంది. మాస్టారిని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆయన అలాగే నిలబడ్డారు. ఎండ కిటికీలోంచి గోడ మీదికి, గోడ మీంచి నేల మీదికి జరిగింది. కాళ్ళు పీకుతున్నాయి. ఎదురుగా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తను కూర్చుంటే వరుస ఊగి ఆవిడకి తెలుస్తుందని కూర్చోలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. అనుకున్నవన్నీ కొట్టగలిగామని, మళ్ళీ పుడతాయో లేదో ముందు ముందు చూడాలని చెప్పింది. పెయింటరు భార్య సంచి భుజాన వేసుకుని లేచింది. లోపలికి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఇంటికెళ్ళండి మాస్టారూ," అంది, వెనక్కి తిరక్కుండానే. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు మీరు."

అందులో క్షమించడం ఎంతుందో, విసుగు ఎంతుందో ఆయనకి తెలియలేదు. తెలుసుకునే హక్కు ఉన్నట్టు కూడా అనిపించలేదు. సరేనమ్మా అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఉండి, మెట్లు దిగి, బస్సు కోసం నిలబడ్డారు.